నమూనా రైలింజన్లు – నిర్మాణము, సేకరణ

మానవునికి సహజమైన కోరికలలో రెండు విశిష్టమైనవి. చూచి మెచ్చిన వస్తువును తన చేతులతో మరల నిర్మించవలెనన్న కోరిక మొదటిది. నచ్చిన వస్తువులను కూర్చి, పదిలపరచి, పదిమందికి చూపవలెనన్న కోరిక రెండవది. ఈ రెండును ఒక్కచోట కలిసిన అభిరుచి నమూనా రైలింజన్ల నిర్మాణము, సేకరణ. "నమూనా" అన్న మాట ఫారసీ నుండి ఉర్దూలోనికి, అటనుండి మన తెలుగులోనికి వచ్చి స్థిరపడినది. ఉర్దూ, తెలుగు భాషలు రెండూ వినవచ్చే ఈ కళాశాలలో అందరికీ ఒకే అర్థమిచ్చే మాట అది. ఈ వ్యాపకాన్ని ఉర్దూలో షౌక్ అన్నా, తెలుగులో అభిరుచి అన్నా దానిలోని ఆనందం ఒక్కటే.

చాలమంది దీనిని పసిపిల్లల ఆటగా భావిస్తారు. కాని బొమ్మకును నమూనాకును భేదం కలదు. బొమ్మ రైలింజను చూపునకు రైలింజనువలె ఉంటే చాలును. నమూనా అట్లు కాదు. అది అసలు యంత్రంలోని ప్రతి కొలతకు జవాబు చెప్పవలసి ఉంటుంది. చక్రాల సంఖ్య, వాటి వ్యాసం, పొగగొట్టం ఎత్తు, ఆవిరిపెట్టె స్థానం, కడ్డీల అమరిక - వీటిలో ఏది తప్పినా తెలిసినవాని కంటికి వెంటనే పట్టుబడుతుంది. కావున నమూనా నిర్మించువాడు ముందుగా విద్యార్థి, తరువాతనే శిల్పి.

నమూనా ముందు, యంత్రం తరువాత

అసలు రైలింజను పుట్టిన తరువాత దానిని చూచి నమూనాలు తయారైనవని మనం అనుకుంటాము. చరిత్ర ఇందుకు విరుద్ధంగా ఉన్నది. ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతంలో, రెడ్రూత్ పట్టణంలో, బౌల్టన్ - వాట్ సంస్థలో ఉద్యోగి అయిన విలియం మర్డాక్ 1784లో తనంతట తాను కదలగల మూడు చక్రాల చిన్న ఆవిరిబండిని నిర్మించినాడు. అది చిన్న దీపపు వేడితో నడిచేది. అదే కార్న్‌వాల్‌కు చెందిన రిచర్డ్ ట్రెవితిక్ ఆ శతాబ్దపు చివరి సంవత్సరాలలో అధిక పీడనంతో పనిచేసే ఆవిరి యంత్రాల నమూనాలను తయారుచేసినాడు. బల్లమీద నడచిన ఆ చిన్న యంత్రాల ఫలితంగానే 1804 ఫిబ్రవరి 21వ తేదీన దక్షిణ వేల్స్‌లోని పెనిడారెన్‌లో అతని ఆవిరి ఇంజను పది టన్నుల ఇనుమును, దానితోపాటు సుమారు డెబ్బదిమంది మనుష్యులను లాగి చూపినది. లోకాన్ని మార్చిన యంత్రం మొదట ఒక చిన్న నమూనాగా బల్లమీద ప్రత్యక్షమైనదన్నమాట.

జపాను నేర్చిన పాఠం

నమూనా ఒక జాతికి గురువు కాగలదనుటకు జపాను చరిత్ర ఉత్తమ నిదర్శనం. 1853లో పుత్యాతిన్ నాయకత్వాన నాగసాకికి వచ్చిన రష్యా ఓడలలో ఒక చిన్న ఆవిరి రైలు నమూనాను జపానువారికి చూపినారు. మరుసటి సంవత్సరం, 1854లో, అమెరికా నావికాధిపతి పెర్రీ అసలు ఇంజనులో నాలుగవ వంతు పరిమాణం గల చిన్న ఇంజనును తెచ్చి, యొకొహామా వద్ద వలయాకారంగా పట్టాలు పరచి నడిపించినాడు. అందులోని పెట్టె మనిషి లోపల కూర్చొనుటకు చాలదు. అయినను ఒక జపాను అధికారి దాని పైకప్పు మీద కూర్చొని, పట్టు వదలక ప్రయాణం చేసినాడట!

చూచిన వారు ఆశ్చర్యపడి ఊరకొనలేదు. జపాను నైరుతి భాగంలోని సాగా సంస్థానంలో తనకా హిసషిగె అనే నిపుణుడు, అతని సహచరులు 1855లో స్వయంగా ఒక ఆవిరి రైలింజను నమూనాను నిర్మించినారు. తనకా అంతకు ముందు గడియారాలు, కదిలే బొమ్మలు చేయుటలో పేరుపొందిన పనివాడు. ఆ సంస్థానంలో అప్పటికి రైలు పట్టా ఒక్కటీ లేదు. అయినను ఆవిరి ఎట్లు పుడుతుంది, పిస్టను ఎట్లు కదులుతుంది, ముందు వెనుకల కదలిక చక్రభ్రమణంగా ఎట్లు మారుతుంది అన్న విషయాలు ఆ నమూనా చేస్తూ వారి చేతులకు తెలిసినవి. 1872లో టోక్యోలోని షింబాషికి, యొకొహామాకు మధ్య జపాను తొలి రైలుమార్గం ప్రారంభమైనది. 1875లో తనకా టోక్యోలో స్థాపించిన కార్ఖానా కాలక్రమాన తోషిబా సంస్థకు మూలమైనది. చిన్న వస్తువును శ్రద్ధగా చేసినవానికి పెద్ద వస్తువు దూరం కాదని దీనివలన బోధపడుతున్నది.

కొలబద్ద లెక్క

నమూనాకు ప్రాణం నిష్పత్తి. అసలు వస్తువును ఎన్నవ వంతుకు తగ్గించినామో ఆ సంఖ్యయే కొలబద్ద. పట్టాల మధ్య దూరాన్ని గేజి అంటారు. ఈ రెంటినీ వేరువేరుగా గుర్తుంచుకొనవలెను. జర్మనీలోని గోపింగెన్ పట్టణంలో 1859లో స్థాపితమైన మెర్క్‌లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో తన గడియారపు స్ప్రింగు రైళ్ళను ప్రదర్శించినది. ఒక వరుసక్రమంలో నిర్ణయించిన గేజిలతో, ఏ పట్టాకు ఏ బండి సరిపోవునో ముందే తెలియునట్లు చేసినది. విడివిడి బొమ్మలుగా ఉన్నవానిని ఒక వ్యవస్థగా మార్చినది ఈ ఆలోచనయే.

నేడు ప్రపంచమంతట ఎక్కువ వాడుకలో ఉన్నది హెచ్.ఓ. అనబడే కొలత. ఇందులో అసలు వస్తువు 87వ వంతుకు తగ్గుతుంది. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఎన్ అనబడే దానిలో గేజి 9 మిల్లీమీటర్లు. 1972లో మెర్క్‌లిన్ సంస్థ తెచ్చిన జెడ్ కొలతలో 220వ వంతు, గేజి 6.5 మిల్లీమీటర్లు మాత్రమే. దానిలోని ఇంజను అరచేతిలో కాదు, రెండు వేళ్ళ నడుమ ఇముడుతుంది.

హెచ్.ఓ. లెక్కను మన దేశపు ప్రసిద్ధమైన డబ్ల్యు.పి. తరగతి ఆవిరి ఇంజనుకు అన్వయించి చూతము. దాని చోదకచక్రం వ్యాసం 1702 మిల్లీమీటర్లు. 87 చేత భాగిస్తే సుమారు 19.6 మిల్లీమీటర్లు వస్తుంది. మనం ఒక్క మిల్లీమీటరు పొరపాటు చేసినచో అసలు ఇంజనులో 87 మిల్లీమీటర్ల, అనగా దాదాపు బెత్తెడు, లోపం చేసినట్లే. ఇక బరువు సంగతి. పొడవు 87వ వంతు అయితే ఘనపరిమాణం 87ను మూడుమార్లు హెచ్చించిన సంఖ్యకు, అనగా 6,58,503వ వంతుకు తగ్గుతుంది. నూరు టన్నుల ఇంజను అదే లోహాలతో తగ్గినచో సుమారు 152 గ్రాములు తూగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగం, ఈ కొలతలో సెకనుకు 32 సెంటీమీటర్లు. తరగతిలో ఘనాలను శిక్షగా తలచిన విద్యార్థి ఇక్కడ వాటిని ఇష్టంతో లెక్కిస్తాడు.

కొన్ని చోట్ల నిష్పత్తికి లొంగని ఇబ్బందులున్నవి. మన బ్రాడ్‌గేజి మార్గాలలో మలుపు వ్యాసార్ధం 175 మీటర్లకు తగ్గరాదు. 87వ వంతుకు తెచ్చినను అది రెండు మీటర్లు! ఒక వలయం పూర్తి కావలెనంటే నాలుగు మీటర్ల వెడల్పు గది కావలెను. అందుచేత ఇంటిలో నడిపే నమూనా రైళ్ళు అసలు రైళ్ళు తిరగలేని మలుపులు తిరుగుతవి. ఇది అందరూ ఒప్పుకొన్న రాజీ.

బ్రిటనులో మరొక చిత్రమైన రాజీ జరిగినది. అచ్చటి ఇంజన్లు ఐరోపా ఇంజన్లకంటె చిన్నవి. ఆనాటి విద్యుత్ మోటార్లు 87వ వంతు దేహంలో పట్టలేదు. అందుచేత దేహాన్ని అడుగుకు 4 మిల్లీమీటర్ల చొప్పున కాస్త పెద్దదిగా చేసి, పట్టాలను మాత్రం 16.5 మిల్లీమీటర్లుగానే ఉంచినారు. నాలుగు అడుగుల ఎనిమిదిన్నర అంగుళాల గేజికి 18.83 మిల్లీమీటర్లు ఉండవలసినది. ఫలితంగా ఇంజను దేహం కింద పట్టాలు ఇరుకుగా కనబడతవి. ఈ రెండు మిల్లీమీటర్ల పైచిల్లర లోపాన్ని సహింపలేక, చక్రాలను, ఇరుసులను, పట్టాలను తామే స్వయంగా 18.83 మిల్లీమీటర్లకు తయారుచేసుకొనే పట్టుదలగలవారు అక్కడ ఉన్నారు.

మన బ్రాడ్‌గేజి ఐదడుగుల ఆరంగుళాలు. అడుగుకు 4 మిల్లీమీటర్ల లెక్కన అది సరిగా 22 మిల్లీమీటర్లు. అంత గేజి గల పట్టా అంగడిలో సులభంగా దొరకదు. కాని అడుగుకు 3 మిల్లీమీటర్ల లెక్కన చూడుడు: ఐదున్నరను మూడుచే హెచ్చిస్తే సరిగా 16.5! అనగా ప్రపంచమంతట దొరికే సాధారణ హెచ్.ఓ. పట్టా మీద, ఏమాత్రం రాజీ లేకుండ, భారతీయ బ్రాడ్‌గేజి ఇంజనును నడుపవచ్చును. కాగితం మీద ఇట్టి లెక్క కుదిరినప్పుడు కలిగే ఆనందం ఈ అభిరుచిలోని మొదటి ఆనందం.

నిర్మాణంలోని ఆనందం

నిర్మాణం ప్రారంభమగునది కత్తెరతో కాదు, పెన్సిలుతో. అసలు ఇంజను చిత్రపటాలను, ఛాయాచిత్రాలను సంపాదించి, పక్కనుండి, ముందునుండి, పైనుండి మూడు చిత్రాలు గీయవలెను. తరువాత పలుచని ఇత్తడి రేకు మీద భాగాలను గీచి, సన్నని రంపంతో కోసి, ఆకురాయితో అంచులు సరిచేయవలెను. బాయిలరు కొరకు రేకును గుండ్రని కడ్డీ చుట్టూ మెల్లగా చుట్టవలెను. రివెట్లు కనబడుటకు రేకు వెనుకనుండి మొన తేలిన సూదితో ఒక్కొక్క చుక్కనే ఒత్తవలెను. ఒక వరుసలో ఒక చుక్క పక్కకు జరిగినచో ఆ రేకును పక్కనబెట్టి కొత్త రేకు తీసికొనవలసినదే. భాగాలను తగరపు మాటుతో అతుకుతారు. ముందు అతికిన భాగం తరువాతి వేడికి ఊడిపోకుండ చూచుకొనుటలోనే పనివాని నేర్పు బయటపడుతుంది.

చక్రాల అమరికలో ఒక చక్కని సూత్రం ఇమిడి ఉన్నది. పిస్టను తన దారిలో ఇరుచివరలకు చేరినప్పుడు చక్రాన్ని తిప్పే బలం శూన్యం. రెండు వైపుల పిస్టన్లును ఒకేసారి ఆ స్థితికి చేరినచో ఆగిన ఇంజను మరల కదలదు. అందుచేత కుడివైపు కడ్డీ తగిలే స్థానానికి, ఎడమవైపు స్థానానికి మధ్య 90 డిగ్రీల భేదం ఉంచుతారు. ఒకవైపు బలం లేనప్పుడు రెండవవైపు పూర్తి బలం ఉంటుంది. నమూనాలో లోపల విద్యుత్ మోటారు ఉన్నను ఈ నియమం తప్పించుకొనుటకు వీలులేదు. ఇరుసులన్నిటికి ఈ కోణం ఒక్కటిగా లేకపోయినచో కడ్డీలు బిగుసుకొని ఇంజను కుంటుతుంది. ఈ సంగతి గ్రంథంలో చదివినవాడు మరచిపోవచ్చును. కుంటే ఇంజనును సరిచేసినవాడు మరువడు.

ఆవిరిని ఏ క్షణంలో ఏ వైపునకు పంపవలెనో నిర్ణయించే కవాటపు కడ్డీల అమరికను 1844లో బెల్జియం దేశీయుడైన వాల్‌షార్ట్ కనిపెట్టినాడు. మన డబ్ల్యు.పి. ఇంజన్లలో ఉన్నది అదియే. నమూనాలో గుండుసూది లావు కీళ్ళతో ఆ కడ్డీలన్నియు కదులునట్లు చేసి, మెల్లగా పట్టాపై నడిపి చూచునప్పుడు నిర్మాత కనులలో కనబడే తృప్తిని వర్ణించుట కష్టం.

కాలంతోపాటు పనిముట్లు మారినవి. ఇప్పుడు ఆమ్లంతో చెక్కిన ఇత్తడి రేకులు భాగాలుగా దొరుకుతున్నవి. కంప్యూటరుపై గీచిన భాగాన్ని త్రీడీ ముద్రణ యంత్రం పొరలు పొరలుగా తయారుచేస్తున్నది. 1980లలో వచ్చిన డిజిటల్ పద్ధతిలో ప్రతి ఇంజనుకు తన సంఖ్య ఉంటుంది. ఒకే పట్టా మీద రెండు ఇంజన్లను వేరువేరు వేగాలతో నడుపవచ్చును. అయినను ఆకురాయి పట్టే చేతికి విలువ తగ్గలేదు. యంత్రం ఇచ్చిన భాగాన్ని కూడా చివరకు సరిచేయవలసినది ఆ చేయియే.

నిజమైన ఆవిరితో

విద్యుత్తుతో తృప్తిపడక, నమూనాలో నిజంగా బొగ్గు మండించి ఆవిరితో నడిపేవారు కలరు. బ్రిటనులో ఈ మార్గాన్ని జనసామాన్యానికి తెచ్చినవాడు "ఎల్.బి.ఎస్.సి." అన్న కలంపేరుతో "మోడల్ ఇంజనీర్" పత్రికలో దశాబ్దాలపాటు పాఠాలు వ్రాసిన కర్లీ లారెన్స్. ఆ పత్రిక 1898లో ప్రారంభమైనది. రెండున్నర అంగుళాల గేజి మీద నడిచే అతని చిన్న బొగ్గు ఇంజను పేరు "అయేషా". అంత చిన్న ఇంజను బొగ్గుతో ఎదిగిన మనుష్యులను లాగలేదని అనుకొనే ఆ 1920లలో, అది లాగి చూపినది. పిట్ట కొంచెము, కూత ఘనము అన్న మన సామెత దానికి చక్కగా సరిపోతుంది.

ఇక్కడ భౌతికశాస్త్ర విద్యార్థి గమనింపదగిన విషయమొకటి కలదు. ఇంజనును 12వ వంతుకు తగ్గించినచో ఉపరితలం 144వ వంతు, నీటి పరిమాణం 1728వ వంతు అగును. అనగా ఉన్న నీటితో పోల్చినచో ఉపరితలం 12 రెట్లు ఎక్కువ. వేడి అంత త్వరగా బయటికి పోతుంది. అసలు బాయిలరులోని పొగగొట్టాలన్నిటిని అదే సంఖ్యలో తగ్గించినచో అవి పొగ పోలేనంత సన్నమై, మసితో మూసుకొనిపోతవి. కావున సంఖ్య తగ్గించి, వ్యాసం పెంచవలెను. మనం ఇనుమును, ఇత్తడిని తగ్గించగలము గాని, నిప్పును, నీటిని, గాలిని తగ్గించలేము. ప్రకృతి కొలబద్దకు లొంగదు.

చిన్న బాయిలరైనను పీడనం పీడనమే. దానిని సాధారణంగా రాగితో చేసి, వెండి కలిసిన మాటుతో అతుకుతారు. ఆవిరి పట్టించుటకు ముందు పూర్తిగా నీటితో నింపి, పనిచేసే పీడనానికి రెట్టింపు పీడనం వద్ద పరీక్షిస్తారు. గాలితో ఎందుకు పరీక్షింపరాదు? గాలి అణగి శక్తిని దాచుకొంటుంది. అతుకు విడినచో ఆ శక్తి ఒక్కసారిగా పేలుతుంది. నీరు అణగదు, అతుకు విడినచో చుక్కలు కారి ఊరకుంటుంది. పెద్దల పర్యవేక్షణ, పరీక్ష లేనిదే విద్యార్థులు ఈ పనికి పూనుకొనరాదు.

సేకరణ - చరిత్ర

నిర్మించే ఓపిక లేనివారు సేకరిస్తారని అనుట న్యాయం కాదు. మంచి సేకర్త చరిత్రకారుడే. న్యూరెంబర్గు నగరంలోని బింగ్ సంస్థ ఒకప్పుడు ప్రపంచంలోని పెద్ద ఆటవస్తువుల సంస్థలలో ఒకటి. నార్తాంప్టన్‌కు చెందిన బాసెట్-లోక్ 1900 పారిస్ ప్రదర్శనలో జర్మనీవారి పనితనం చూచి, బింగ్ వారిచే బ్రిటిషు ఇంజన్ల నమూనాలు చేయించి అమ్మినాడు. లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో మెకానో పేటెంటు పొంది, 1920లో రైళ్ళు ప్రారంభించినాడు. బింగ్ సంస్థ 1930ల ఆరంభపు ఆర్థికమాంద్యంలో కూలిపోయినది. ఆ కుటుంబానికి చెందిన స్టీఫాన్ బింగ్ యూదుడు. తరువాత ట్రిక్స్ రైళ్ళ సంస్థను నడిపిన అతడు నాజీల పీడనవలన దానిని వదలుకొని ఇంగ్లండుకు తరలిపోవలసి వచ్చినది. ఆ రేకు ఇంజనును చేతిలోకి తీసికొన్నవాడు వెల చూచి ఊరకున్నచో వస్తువు మాత్రమే మిగులుతుంది. దానిని చేసినవారికి ఏమైనదని అడిగినచో ఒక శతాబ్దపు కథ వినబడుతుంది.

సేకర్తకు కొంత లోహశాస్త్రం కూడా అవసరమే. పాత నమూనాలలో జింకు మిశ్రమంతో పోతపోసిన భాగాలలో సీసం వంటి మలినాలు కలిసినచో, ఏళ్ళు గడచేకొద్ది ఆ భాగం ఉబ్బి, బీటలు వారి, పొడి అవుతుంది. దీనికి చికిత్స లేదు. తేమ తగలకుండ ఉంచుటవలన ఆలస్యం చేయవచ్చును. అట్లే పాత ఇంజనుకు కొత్త రంగు వేయుట సేవ కాదు, చెరుపు. అసలు రంగు, గీతలు, పెట్టె సహా ఉన్న వస్తువుకే విలువ.

మన దేశంలో

ఈ అభిరుచికి మన దేశంలోను ఆనవాళ్ళున్నవి. గ్వాలియరులోని జయవిలాస్ ప్రాసాదంలో భోజనపు బల్ల మీద పట్టాలపై తిరుగుతూ అతిథులకు పానీయాలు అందించే వెండి రైలు సుప్రసిద్ధం. అది రాజుల వైభవం. సామాన్యుల పట్టుదలకు ఉదాహరణ పుణె నగరంలోని కోత్రూడ్‌లో భావూసాహెబ్ జోషీ నెలకొల్పిన సూక్ష్మ రైళ్ళ ప్రదర్శనశాల. అది 1998లో ప్రారంభమైనది. అసలు ఇంజన్లను దగ్గరనుండి చూడగోరువారికి 1977లో ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ రైలు మ్యూజియం తీర్థం వంటిది.

మన చిత్తరంజన్ కర్మాగారం 1950 నుండి 1972 వరకు 2351 ఆవిరి ఇంజన్లను నిర్మించినది. 1970లో వెలువడిన చివరి బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజనుకు "అంతిమ్ సితారా" అని పేరు పెట్టినారు. 1995తో బ్రాడ్‌గేజిపై నిత్యసేవలో ఆవిరి యుగం ముగిసినది. మన ప్రాంతపు చరిత్రయు ఇట్టిదే. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు వచ్చినది. ఆ తరువాత నిజాం ప్రభుత్వ రైల్వే మన్మాడు వైపు మీటరుగేజి మార్గం వేసినది. 1916లో నిర్మితమైన కాచిగూడ స్టేషను నేటికిని నిలిచి ఉన్నది. ఆ మీటరుగేజి పట్టాలు బ్రాడ్‌గేజికి చోటిచ్చి తొలగిపోయినవి. వాటిపై నడచిన ఇంజన్లలో అధికభాగం ముక్కలై కొలిమికి పోయినవి. వాటిని తోలినవారు, బొగ్గు వేసినవారు, లాలాగూడ కార్ఖానాలో బాగుచేసినవారు, వారి బిడ్డలు మన మధ్యనే ఉన్నారు. వారి జ్ఞాపకాలు, ఇండ్లలోని పాత ఛాయాచిత్రాలు ఉన్నంతవరకే ఆ ఇంజన్లకు యథాతథమైన నమూనాలు చేయుటకు అవకాశమున్నది. ఆ తరం గడచినచో ఏ రంగు ఎక్కడ వేసేవారో చెప్పువారు ఉండరు.

విద్యార్థులకు, కమిటీ వారికి

విద్యార్థి మిత్రులారా! దీనికి ధనం కావలెనని వెనుదీయవలదు. మొదటి నమూనా ఇత్తడితో చేయనవసరం లేదు. దళసరి అట్ట, జిగురు, పదునైన చాకు, ఇనుప కొలబద్ద, జామెట్రీ పెట్టె - ఇవి చాలును. అడుగుకు 3 మిల్లీమీటర్ల కొలత ఎన్నుకొని, ముందుగా ఒక సాధారణ గూడ్సు పెట్టెను చేయుడు. అది సరిగా నాలుగు మూలలు కుదిరి బల్లమీద నిలిచిన దినాన ఇంజను వంక చూడుడు. ఒకరు లెక్క వేయగా, ఒకరు గీయగా, ఒకరు కోయగా, ఒకరు ఇంటింటికి వెళ్ళి పాత రైలు ఉద్యోగులను అడిగి వివరాలు ఉర్దూలోను, తెలుగులోను వ్రాసికొనగా, నలుగురి పని ఒక్క వస్తువుగా రూపొందుతుంది.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక బల్ల, తాళం గల ఒక బీరువా, వారానికి ఒక మధ్యాహ్నం, ఒక ఉపాధ్యాయుని పర్యవేక్షణ - ఇంతకు మించి అడుగుట లేదు. నిజాం రైల్వే మీటరుగేజి ఇంజను ఒకదాని అట్ట నమూనాను, దానిని గూర్చి సేకరించిన వివరాల పుస్తకాన్ని, రాబోవు వార్షికోత్సవం నాటికి ఆ బీరువాలో ఉంచవచ్చును. సాగా సంస్థానంలో తనకా హిసషిగె బల్లమీద ఉన్నది కూడా ఒక చిన్న ఇంజనే.